మీరు అడగండి: ఒక ఊరు, రెండు రాష్ట్రాలు, మధ్యలో ఓ వాగు

కిందటి సంచికలో జర్మనీ సంగతులు రాస్తూ మోడ్లారాయిట్ అనే పల్లెటూరి గురించి మాటవరసకి ఒక్క ముక్క రాసి వదిలేశాను, ఊరి మధ్యలో గోడ కట్టి రెండు చేసిన ఊరు అని. ఇక చూస్కోండి, ఉత్తరాలూ మెయిళ్లూ వాట్సాప్ మెసేజీలూ అన్నీ దాని మీదే. అందుకని మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ఈసారి కాలమ్ మొత్తం ఆ ఊరికే ఇచ్చేస్తున్నా. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: బాబూ, మా చిన్నవాడు హోఫ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఆదివారం ఫ్రెండ్స్‌తో వెళ్లామంటూ తెల్లటి గోడ ముందు నిలబడి ఫోటో పంపించాడు. బెర్లిన్ గోడ గురించి విన్నాం గానీ ఈ పల్లెటూళ్లో గోడ ఏమిటి? ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు? కాస్త అర్థమయ్యేలా చెప్పు నాయనా. (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, మీవాడు ఉండే హోఫ్‌కి అది దగ్గరే, పదిహేను కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఈ కథ గోడ దగ్గర మొదలెడితే అర్థం కాదు, వాగు దగ్గర మొదలెట్టాలి. ఊరి మధ్యలోంచి టాన్‌బాఖ్ అనే వాగు పారుతుంది. వాగు అన్నానని పెద్దగా ఊహించుకోకండి, కుర్రాళ్లయితే ఒక్క గెంతులో అవతలికి వెళ్లిపోతారు. పాతకాలంలో జర్మనీ అంటే ఒక దేశం కాదు, మన సంస్థానాల కాలంలాగా ఎక్కడికక్కడ ఒక రాజు, ఒక జమీ. ఈ వాగుకి పడమటి వైపు ఒకరిది, తూర్పు వైపు ఇంకొకరిది. 1810లో పడమటి వైపు బవేరియా రాజ్యంలోకి వచ్చింది, తూర్పు వైపు రాయిస్ అనే బుల్లి సంస్థానం చేతిలో ఉంది. ఆ ఏడే వాగు వెంబడి హద్దురాళ్లు పాతి, వాటి మీద ఇద్దరి పేర్ల పొడి అక్షరాలూ చెక్కారు.

రాళ్లు పాతారే గానీ ఊళ్లోవాళ్లు వాటిని పెద్దగా పట్టించుకోలేదు. బడి తూర్పు వైపు ఉండేది, సాయంత్రం పూట కూర్చుని బీరు తాగే సత్రం లాంటి హోటలూ అటువైపే ఉండేది. చర్చికి మాత్రం అందరూ బవేరియా వైపున్న టోపెన్ అనే పక్కూరికి వెళ్లేవాళ్లు. పెళ్లి సంబంధాలు, పొలాలు, అప్పులు, గొడవలు అన్నీ వాగుకి అటూ ఇటూ కలగలిసిపోయి ఉండేవి. 1920లో రాయిస్ లాంటి చిన్న చిన్నవాటిని కలిపి తురింగియా అనే రాష్ట్రం చేశారు. అప్పుడూ ఊళ్లో మారిందేమీ లేదు, కాగితం మీద అటువైపు పేరు మారింది, అంతే.

కొంప ముంచింది 1944. హిట్లర్ ఓడిపోవడం ఖాయమని తేలాక, గెలవబోయే దేశాల వాళ్లు లండన్‌లో కూర్చుని జర్మనీని ఎవరెవరు ఎంత మేర ఆక్రమించుకోవాలో మ్యాపు మీద పంచుకున్నారు. కొత్తగా గీతలు గీయడం ఎందుకని ఉన్న రాష్ట్రాల హద్దులే తీసుకున్నారు. తురింగియా సోవియట్ వాళ్లకి, బవేరియా అమెరికా వాళ్లకి. ఈ వాగూ, ఆ పాత హద్దురాళ్లూ వాళ్ల కళ్లబడి కూడా ఉండవు. కానీ గీత సరిగ్గా వాటి మీదుగానే పోయింది. 1945 ఏప్రిల్‌లో ముందు అమెరికా సైన్యం తురింగియాని పట్టుకుంది, జులైలో ఒప్పందం ప్రకారం దాన్ని సోవియట్ సైన్యానికి అప్పగించి వెనక్కి తగ్గింది. 1949లో రెండు దేశాలే అయిపోయాయి, పశ్చిమ జర్మనీ, తూర్పు జర్మనీ. అప్పటికీ పాసులు చూపించుకుని వాగు దాటుతూనే ఉన్నారు, పొలానికి వెళ్లాలి కదా మరి.

1952 మే నెలాఖరులో తూర్పు జర్మనీ ప్రభుత్వం సరిహద్దు మూసేసింది. నమ్మకం లేని మనుషులనుకున్న వాళ్లని జూన్‌లో సరిహద్దు గ్రామాలన్నింటిలోంచీ ఇళ్లు ఖాళీ చేయించి, సామాన్లు లారీల్లోకి ఎక్కించి, లోపలి జిల్లాలకి తరలించేశారు. మొత్తం సరిహద్దు పొడవునా ఎనిమిది వేల మందికి పైగా. ఆ పనికి వాళ్లు లోపల్లోపల పెట్టుకున్న రహస్య పేరు 'పురుగులు', అంటే ఇంట్లో నల్లుల్నీ బొద్దింకల్నీ ఏరేసినట్టు అన్నమాట. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు. మోడ్లారాయిట్‌లో ముందు చెక్కలతో కంచె వేశారు, తర్వాత ముళ్లతీగ వచ్చింది, 1966లో 700 మీటర్ల పొడవు, 3.3 మీటర్ల ఎత్తు కాంక్రీటు గోడ లేచింది. రెండంతస్తుల ఇంటి మేడ మీదకెక్కితే తప్ప అవతల ఏముందో కనపడదు. మీ అబ్బాయి వెనకాల ఉన్నది అదే, మిగిలిన ముక్క.

ప్రశ్న: గోడ దూకి పారిపోయిన వాళ్లు ఉన్నారా అన్నా? అవతలి వైపు మనుషులు ఎలా బతికేవారు? (డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: ఒకాయన దూకాడు, అదీ 1973 మేలో. సరిహద్దు దగ్గర తిరగడానికి పర్మిషన్ ఉన్న మనిషి, బండిని గోడ పక్కకి తెచ్చి ఆపి, నిచ్చెన వేసి, అవతలికి గెంతేశాడు. ప్రాణాలతో బయటపడ్డాడు. సినిమాల్లో చూపించేంత హడావుడి ఏమీ లేదు, అంతా క్షణాల్లో అయిపోయిన పని. ఇలాంటివి తరచూ జరిగేవనుకోకు. గోడ ఒక్కటే అయితే ఎవడైనా దూకుతాడు. దాని వెనక కంచెలు, కాపలా బురుజు, కుక్కలు, రాత్రంతా పట్టపగల్లా వెలిగే లైట్లు, అడుగు పడితే అచ్చు పడేలా దున్ని చదును చేసిన నేల, ఇన్ని ఉండేవి. సరిహద్దు నుంచి అయిదు కిలోమీటర్ల లోపల ఉండాలంటేనే స్పెషల్ పర్మిషన్ కావాలి, చివరి 500 మీటర్లలో ఉండేవాళ్లకి రూల్స్ ఇంకా గట్టివి. తూర్పు మోడ్లారాయిట్ మొత్తం ఆ 500 మీటర్లలోనే ఉంది మరి. సొంత చెల్లెలు పండక్కి వస్తానన్నా ముందు అప్లికేషన్ పెట్టుకోవాలి, చాలాసార్లు దొరకదు కూడా.

నన్ను అడిగితే గోడ కంటే ఘోరమైన రూలు ఇంకోటి ఉంది. పశ్చిమం వైపు నుంచి ఎవరైనా చెయ్యి ఊపితే తూర్పువాళ్లు తిరిగి ఊపకూడదు, పలకరించకూడదు. అటువైపు ఉన్నది మేనమామ అయినా, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడైనా సరే. పశ్చిమం వైపు మాత్రం ఎవరైనా గీత దాకా వచ్చి నిలబడొచ్చు. టూరిస్టు బస్సులు వేసుకుని వచ్చి, కెమెరాలతో ఫోటోలు తీసుకుని, చేతులూపి వెళ్లేవాళ్లు. ఊపిన చేతికి అటునుంచి జవాబు రాకపోతే ఏం పొగరురా వీళ్లకి అనుకుని పోయిన వాళ్లు కూడా ఉండే ఉంటారు, రూలు తెలీక.

అమెరికన్ సైనికులు ఈ ఊరికి 'లిటిల్ బెర్లిన్' అని పేరు పెట్టారు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జి బుష్, అదే తండ్రి బుష్, స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. యాభై మంది ఉన్న ఊరికి అమెరికా ఉపాధ్యక్షుడు! మన ఊళ్లకి ఎమ్మెల్యే రావాలన్నా ఎలక్షన్లు రావాలి.

ప్రశ్న: సార్, మాది భద్రాచలం. 2014లో మా పక్కనున్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రాలోకి వెళ్లాయి. రామాలయం తెలంగాణలో, దాని భూములు ఆంధ్రాలో. మీరు చెప్పిన ఊళ్లో గోడ పోయిన తర్వాత కూడా రెండు రాష్ట్రాలే అని విన్నాను. దేశమే కలిసిపోయాక ఒక ఊరిని కలపడానికి ఏం అడ్డొచ్చింది? (రిటైర్డ్ టీచర్)

జవాబు: మాస్టారూ, మీకు హద్దు సమస్య నేను చెప్పేదేముంది, మీరే నాకు చెప్పాలి. కానీ పోలిక ఒక్క చోట మాత్రమే కుదురుతుంది, ఆఫీసుల దగ్గర. మీ దగ్గర హద్దు దాటితే కాల్చేవాడు ఎవడూ లేడు, ఇక్కడ ఉండేవాడు.

విషయానికి వస్తే, మీరు విన్నది నిజమే. 1989 నవంబరులో బెర్లిన్ గోడ తెరుచుకున్నాక కూడా ఈ ఊళ్లో గోడ అలాగే ఉంది. డిసెంబర్ 9న మనుషులు నడిచి వెళ్లడానికి మాత్రం దారి తెరిచారు. అప్పటికి ముప్ఫై ఏడేళ్లుగా పక్క పక్కనే ఉండి పలకరించుకోని వాళ్లు. 1990 జూన్ 17న ఎక్స్‌కవేటర్ తెచ్చి గోడ పడగొట్టారు, చూడ్డానికి ఒక వంద మీటర్లు మాత్రం ఉంచారు. అదే ఏడాది అక్టోబరులో దేశం ఒకటైంది. గోడ లేదు, కాపలా లేదు, పాసు లేదు. కానీ ఆ 1810 నాటి గీత ఉంది కదా, అది రాష్ట్రాల మధ్య గీత, దాన్నెవరూ ముట్టుకోలేదు. పడమటి సగం ఇప్పటికీ బవేరియా, టోపెన్ పంచాయతీ కింద. తూర్పు సగం తురింగియా, గెఫెల్ అనే చిన్న టౌను కింద. అంటే ఊరు మొత్తానికి సర్పంచ్ లాంటి వాళ్లు ఇద్దరు, అసెంబ్లీలు రెండు, పిన్‌కోడ్‌లు రెండు (బవేరియా వైపు 95183, తురింగియా వైపు 07926), ఫోన్ కోడ్‌లు రెండు. కారు నంబర్ ప్లేటు చూసి ఏ సగం మనిషో చెప్పేయొచ్చు, బవేరియా వైపు హెచ్‌ఓ, తురింగియా వైపు ఎస్‌ఓకే. పిల్లలు వేర్వేరు స్కూళ్లకి వెళ్తారు, సిలబస్‌లు వేరు, వేసవి సెలవులు వేరు.

తమాషా ఏంటంటే పండగలు కూడా వేరు. జనవరి 6న బవేరియాలో సెలవు, షాపులు బంద్. వాగు అవతల మామూలు రోజు. అక్టోబర్ 31న అవతల సెలవు, ఇవతల పని దినం. మర్నాడే నవంబర్ 1న తిరగబడుతుంది, ఇవతల సెలవు, అవతల పని. సెప్టెంబర్ 20న పిల్లల దినోత్సవమని తురింగియా వాళ్లు 2019 నుంచి కొత్తగా ఇంకో సెలవు పెట్టుకున్నారు, బవేరియా వాళ్లకది లేదు. మొగుడు ఆ వైపు ఉద్యోగం, పెళ్లాం ఈ వైపు ఉద్యోగం అయితే ఇద్దరికీ కలిసి సెలవు దొరకడం కష్టమే. పింఛను సంగతి ఇంకా విచిత్రం. తూర్పులో పింఛను లెక్కకట్టే రేటు పశ్చిమం కంటే తక్కువ ఉండేది, ఏటా కొంచెం కొంచెం పెంచుతూ వచ్చి 2023 జులైలో గానీ రెండూ సమానం చేయలేదు. గోడ కూలి ముప్ఫై మూడేళ్లు గడిచాక! వాగుకి ఆ ఒడ్డు తాత, ఈ ఒడ్డు తాత ఒకే అరుగు మీద కూర్చుని అన్నాళ్లూ రెండు రేట్ల పింఛను తీసుకున్నారన్నమాట.

కలపడానికి ఏం అడ్డం అన్నారు కదా. రాష్ట్రాల హద్దు జరపాలంటే రెండు రాష్ట్రాలూ కూర్చుని ఒప్పందం చేసుకోవాలి, చట్టం ప్రకారం దానికో పెద్ద తతంగం ఉంటుంది. ఎవరో ఒకరు తన వైపు వదులుకోవాలి. నలభై యాభై మంది కోసం ఆ పని ఎవరు మొదలెడతారు? పైగా ఇప్పుడు ఆ రెండు సగాలు ఉండటమే ఊరికి పేరు, దాన్ని చూడ్డానికే జనం వస్తున్నారు. నాకు తోచిన మాట చెప్తున్నా, మనుషులు తిరగడానికి అడ్డం లేనంత వరకు కాగితం మీద రెండున్నా పెద్ద నష్టం లేదు. మీ భద్రాచలం వాళ్లు దీనికి ఒప్పుకోరని తెలుసు, రోడ్డు వేయాలంటే ఎవరిని అడగాలో తెలియని బాధ మీది.

ప్రశ్న: అక్కడ వ్యవసాయం ఎట్లుంటుంది సార్? ఏం పండిస్తరు, భూములు ఎంతెంత ఉంటయి? (రైతు, కర్నూలు జిల్లా)

జవాబు: ముందు వాతావరణం. హోఫ్ చుట్టుపక్కల ప్రాంతానికి జర్మన్లు పెట్టుకున్న ముద్దుపేరు 'బవేరియా సైబీరియా', దాన్ని బట్టే అర్థం చేసుకోండి. ఎత్తైన నేల, చలి ఎక్కువ, పైరు పెరిగే కాలం తక్కువ. గోధుమ, బార్లీ, రై అనే ఇంకో ధాన్యం, పసుప్పచ్చ పూల ఆవజాతి నూనెగింజ పంట, పశువులకీ బయోగ్యాస్ ప్లాంట్లకీ వేసే మొక్కజొన్న, ఇవి. ఆపైన పాడి. ఇంకా బంగాళదుంప. దుంపంటే ఈ ప్రాంతం వాళ్లకి కాస్త గర్వం ఉంది, ఎందుకంటే జర్మనీలో మొట్టమొదట పొలంలో పంటగా బంగాళదుంప వేసింది హోఫ్‌కి దగ్గర్లోని పిల్‌గ్రామ్స్‌రాయిట్ అనే పల్లెలోనే, 1647 ప్రాంతంలో అని చెప్పుకుంటారు. దుంపకి అక్కడ స్మారకం కూడా కట్టారు.

భూమి సంగతి అడిగారే, ఈ ఊరి కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అదే. గోడ పోయింది గానీ అది ఎక్కడ ఉండేదో పొలాలు చూసి చెప్పొచ్చు. తూర్పు వైపు 1945లో సోవియట్ వాళ్లు వంద హెక్టార్లు దాటిన భూస్వాముల భూమి లాక్కుని పేదలకి పంచారు. పంచిన దాన్ని రైతు దగ్గర ఎన్నాళ్లో ఉండనివ్వలేదు. 1952 నుంచి సమష్టి వ్యవసాయం అన్నారు, చేరమని చెప్పారు, తర్వాత ఒత్తిడి పెట్టారు, 1960 వచ్చేసరికి దాదాపు ఊరూరా రైతులందరినీ సహకార క్షేత్రాల్లోకి తోసేశారు. గట్లు చెరిపి కమతాలన్నీ కలిపేశారు. 1990 తర్వాత భూమి పత్రాలు ఎవరివి వాళ్లకి వచ్చాయి, కానీ అప్పటికి చాలామంది ముసలివాళ్లయిపోయారు, పిల్లలకి వ్యవసాయం రాదు, ఆసక్తీ లేదు. ఆ పెద్ద క్షేత్రాలే కంపెనీలుగా, కొత్త సహకార సంఘాలుగా మారి వాళ్ల భూమి కౌలుకి తీసుకుని నడుపుతున్నాయి. అందుకే తురింగియాలో సగటు కమతం రెండు వందల హెక్టార్ల దరిదాపుల్లో ఉంటుంది, మన లెక్కలో అయిదు వందల ఎకరాలు. బవేరియాలో నలభై హెక్టార్లు కూడా ఉండదు. ఇటువైపు చిన్న చిన్న ముక్కలు, మధ్యలో చెట్ల వరసలు. అటువైపు కళ్లు పోయినంత దూరం ఒకే పొలం.

మీకు పనికొచ్చే ముక్క ఒకటి. బవేరియాలో చిన్న రైతు ఎలా నెగ్గుకొస్తున్నాడంటే, చాలామంది పగలు ఫ్యాక్టరీలోనో ఆఫీసులోనో పనిచేసి సాయంత్రాలూ శనివారాలూ పొలం చూసుకుంటారు. యంత్రాలు అందరూ కొనరు. 1958లో బవేరియాలో 'యంత్రాల సంఘం' అని మొదలెట్టారు: ఒకడికి కోతయంత్రం ఉంటుంది, ఇంకొకడికి విత్తనాలు వేసేది ఉంటుంది, సంఘం ఆఫీసు ఎవరికెప్పుడు ఏది కావాలో చూసి పంపుతుంది, రేటు ముందే ఖాయం. యంత్రం కొన్నవాడికి అద్దె వస్తుంది, కొననివాడికి అప్పు తప్పుతుంది. తర్వాత జర్మనీ అంతటా పాకింది. మన దగ్గర కస్టమ్ హైరింగ్ సెంటర్లని సబ్సిడీతో పెట్టారు కదా, అక్కడ సబ్సిడీ కంటే ఇరుగుపొరుగు లెక్కలు ఎక్కువ పనిచేశాయి.

ప్రశ్న: మావారికి జర్మనీలో ఉద్యోగం వచ్చింది, టౌనులో అద్దెలు ఎక్కువని పక్క పల్లెలో ఇల్లు చూసుకుంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది అన్నయ్యా. పల్లెల్లో రోజు ఎలా గడుస్తుంది? మనుషులు మాట్లాడతారా? (హనుమకొండ)

జవాబు: టెన్షన్ పడకమ్మా, మాట్లాడతారు. కాకపోతే ముందు నువ్వే పలకరించాలి. పల్లెల్లో రోడ్డు మీద ఎదురైన వాళ్లకి, తెలిసినా తెలియకపోయినా, నమస్తే చెప్పాల్సిందే. బవేరియా వైపు 'గ్రూస్ గాట్' అంటారు, తురింగియా వైపు 'గూటన్ టాగ్' అంటారు, నువ్వేది అన్నా సంతోషిస్తారు. చెప్పకుండా తలొంచుకుని పోతే మాత్రం వారం రోజుల్లో ఊరంతా తెలిసిపోతుంది, కొత్తగా వచ్చినావిడ మాట్లాడదు అని.

ఆదివారం గురించి ముందే తెలుసుకుని వెళ్లు. షాపులు మూత. అది పర్వాలేదు, శనివారమే కొనుక్కోవచ్చు. కానీ చప్పుడు చేయకూడదు. గడ్డి కోసే మిషన్ పెట్టకూడదు, గోడకి డ్రిల్లు వేయకూడదు. ఖాళీ గాజు సీసాలు పడేసే పెద్ద డబ్బాలు వీధి చివర ఉంటాయి, తెల్లవి, ఆకుపచ్చవి, గోధుమరంగువి వేరువేరుగా, వాటిల్లో ఆదివారం సీసా వేసినా తప్పే, గాజు పగిలే చప్పుడు ఇరుగుపొరుగుకి ఇబ్బంది అని. చెత్త కూడా అంతే, ప్లాస్టిక్ ప్యాకింగులకి పసుప్పచ్చ సంచి, కాగితాలకి ఒక డబ్బా, కూరగాయ తొక్కలకి ఒకటి, మిగతా దానికి ఇంకొకటి. ఏ రోజు ఏది తీసుకెళ్తారో క్యాలెండర్ ఇస్తారు, దాన్ని ఫ్రిజ్ మీద అంటించు. మంచు పడితే నీ ఇంటి ముందు కాలిబాట తెల్లారేసరికి నువ్వే ఊడ్చాలి, అద్దెకున్నవాళ్ల మీద ఆ బాధ్యత ఉందో లేదో అగ్రిమెంట్‌లో చూసుకోమను. ఎవరైనా జారిపడితే పెద్ద గొడవ. పొగగొట్టాలు చూసే అతను నల్ల బట్టలేసుకుని అప్పుడప్పుడూ వస్తాడు, చట్టం ప్రకారం రానివ్వాలి. నల్ల బట్టలని భయపడకు, అక్కడ అతను ఎదురైతే మంచి శకునమట!

పాత రోజుల్లో ప్రతి పల్లెలో ఒక రొట్టెల కొట్టు, కసాయి కొట్టు, హోటలు ఉండేవి. ఇప్పుడు చాలా ఊళ్లలో మూతబడ్డాయి. మోడ్లారాయిట్ లాంటి బుల్లి ఊళ్లలో కొట్టు ఆశే పెట్టుకోకు, కారు లేకపోతే కష్టం. రొట్టెల వ్యాను వారానికి ఒకటి రెండుసార్లు హారన్ కొట్టుకుంటూ వచ్చే పల్లెలు ఇంకా ఉన్నాయి, మన కూరగాయల బండి అరిచినట్టే. మధ్యాహ్నం మూడు దాటాక కాఫీ, దాంతోపాటు ఇంట్లో చేసిన కేకు, ఇది మాత్రం ఇంటింటా ఉంటుంది. పిలిస్తే వెళ్లు. చెప్పిన టైముకి వెళ్లు, పది నిమిషాలు ముందు కాదు, అరగంట తర్వాత అసలే కాదు.

ఊరికి ప్రాణం ఏదంటే సంఘాలు. ఫుట్‌బాల్ సంఘం, పాటల సంఘం, ఆడవాళ్ల వ్యాయామ సంఘం, అన్నిటికీ మించి అగ్నిమాపక దళం. జీతాలిచ్చి నడిపే ఫైర్ స్టేషన్లు పెద్ద నగరాల్లోనే ఉంటాయి, పల్లెల్లో మంటలార్పేది ఊరివాళ్లే. దేశం మొత్తం మీద పది లక్షల మంది దాకా ఇలా జీతం లేకుండా పనిచేస్తున్నారు. రొట్టెలు కాల్చేవాడు, బ్యాంకు ఉద్యోగి, ట్రాక్టర్ మెకానిక్కు, సైరన్ మోగగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తుతారు. మీవారిని అందులో చేర్పించు, జర్మన్ భాషా వస్తుంది, ఊరూ తెలుస్తుంది. ఇది నేను జోక్‌గా చెప్పడం లేదు. క్లాసుల్లో ఏడాది నేర్చుకున్న దాని కంటే అక్కడ నాలుగు శనివారాలు గొట్టాలు చుట్టి, తర్వాత అందరితో కలిసి కూర్చుంటే వచ్చేదే ఎక్కువ.

మే ఒకటో తారీకున ఊరి మధ్యలో పెద్ద స్తంభం నిలబెడతారు. బవేరియాలో దాన్ని నిలబెట్టక ముందే పక్కూరివాళ్లు దొంగిలించడం సంప్రదాయం, బీరూ భోజనం పెట్టి విడిపించుకోవాలి. పోలీసులకి చెప్పినవాడు ఊళ్లో తలెత్తుకోలేడు.

ప్రశ్న: మేం శాకాహారులం. ఆ ప్రాంతంలో తినడానికి ఏమైనా దొరుకుతుందా? (విశాఖపట్నం)

జవాబు: హోఫ్ వీధుల్లో ఇత్తడి బిందెలాంటిది పట్టుకుని, అడుగున బొగ్గు నిప్పులతో వేడి వేడి సాసేజీలు అమ్మేవాళ్లు కనిపిస్తారు, ఆ ఊరికి అది గుర్తు. మీకు ఉపయోగం లేదు, బిందెని చూసి ఆనందించండి. బంగాళదుంపతో చేసే పెద్ద ఉండలు, వాటిని క్లోస్ అంటారు, వాగుకి రెండు వైపులా తింటారు, ఎవరివి గొప్పో తేలదు. అవి మీరు తినొచ్చు గానీ పైన పోసే పులుసు మాంసానిది, వద్దని ముందే చెప్పండి. పుల్లటి క్యాబేజీలో కూడా పంది మాంసం ముక్కలు వేస్తారు, అడక్కుండా తినకండి. కేకుల దగ్గరికొస్తే మీకు ఏ లోటూ లేదు.

ప్రశ్న: జర్మనీలో సమాధులు అద్దెకిస్తారట, నిజమేనా? (నెల్లూరు)

జవాబు: నిజమే. ఇరవై, పాతికేళ్లకి స్థలం ఇస్తారు, గడువు అయ్యాక కుటుంబం డబ్బు కట్టి పొడిగించుకోవచ్చు, లేకపోతే రాయి తీసేసి ఇంకొకరికి ఇస్తారు. ఉన్నన్నాళ్లూ పూలమొక్కలు వేసి శుభ్రంగా ఉంచాల్సింది కుటుంబమే. ఆదివారం సాయంత్రం నీళ్లడబ్బా పట్టుకుని శ్మశానం వైపు వెళ్తున్న పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

ప్రశ్న: వచ్చే వేసవిలో మా అమ్మాయి దగ్గరికి న్యూరెంబర్గ్ వస్తున్నాం. ఈ ఊరు చూడాలని ఉంది. చూడ్డానికి ఏముంటుంది, ఎంతసేపు పడుతుంది? (గుంటూరు)

జవాబు: రైల్లో హోఫ్ దాకా సులభంగా వచ్చేయొచ్చు. హోఫ్ స్టేషన్‌లో దిగినప్పుడు ఒక్క నిమిషం ఆగండి, 1989 అక్టోబర్ 1న ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీలో తలదాచుకున్న తూర్పు జర్మన్లని తీసుకొచ్చిన రైళ్లు ఆగింది ఇక్కడే. ఆ జనానికి దుప్పట్లు, టీ, పిల్లల బట్టలు పట్టుకుని ఊరంతా స్టేషన్‌కి వచ్చింది. అక్కడి నుంచి మోడ్లారాయిట్‌కి కారుంటే మంచిది, పల్లె బస్సుల్ని నమ్ముకుంటే శని, ఆదివారాల్లో ఇబ్బంది పడతారు.

ఊళ్లో మ్యూజియం ఉంది. బయట ఆరుబయలే అసలు చూడాల్సింది: మిగిల్చిన వంద మీటర్ల గోడ, కాపలా బురుజు, కంచెలు ఒకదాని వెనక ఒకటి ఎలా ఉండేవో అలాగే. పాత హద్దురాళ్లు కూడా వెతకండి, చాలామంది గోడ ఫోటో తీసుకుని వాటిని చూడకుండా వెళ్లిపోతారు. మొత్తం మీద మూడు గంటలు పెట్టుకోండి. నడిచే ఓపిక ఉంటే వాగు వెంబడి ఇంకాస్త దూరం వెళ్లండి. సరిహద్దు ఉన్నన్నాళ్లూ ఆ పట్టీలోకి నాగలి వెళ్లలేదు, మందు కొట్టలేదు, దాంతో మిగతా చోట్ల అంతరించిపోతున్న పక్షులు, పూలు అక్కడ చేరాయి. ఈ ఊళ్లో నడక దారి తెరిచిన 1989 డిసెంబర్ 9నే, అదే రోజు, హోఫ్‌లో రెండు జర్మనీల ప్రకృతి ప్రేమికులు సమావేశమై ఆ పట్టీని దున్నకుండా అలాగే ఉంచాలని తీర్మానం చేశారు. దాదాపు 1,400 కిలోమీటర్ల పొడవున ఇప్పుడు దాన్ని 'పచ్చ పట్టీ' అంటున్నారు. వేసవిలో గడ్డి మోకాళ్ల దాకా ఉంటుంది, అందులో పేలు లాంటి పురుగులు ఉంటాయి, చర్మానికి అంటుకుంటే జ్వరాలు తెస్తాయి. ఫుల్ ప్యాంటు వేసుకుని, అంచులు సాక్సుల్లో దోపుకుని నడవండి, ఇంటికొచ్చాక పిల్లల ఒళ్లు ఒకసారి చూసుకోండి.